మణికట్టు మీద లక్ష రూపాయలు

నెల్లూరు జిల్లాలో పెళ్ళి మాటలప్పుడు అల్లుడికి పెట్టే వాటిలో ఉంగరం, సూటుతో పాటు వాచీ ప్రస్తావన ఇప్పటికీ వస్తుంది. బోగోలు, కావలి ప్రాంతాల్లో ఒక తరానికి అది హెచ్‌ఎంటీ, ఆ తర్వాతి తరానికి టైటన్. ఇప్పుడు స్మార్ట్‌వాచీ. అయితే ఈ ఒక్క పేరు కింద పదిహేను వందల రూపాయల సరుకు ఉంది, తొంభై వేలది ఉంది, తోలు పట్టీ మీద ఫ్రెంచి కంపెనీ ముద్ర ఉన్నందుకు లక్ష దాటేదీ ఉంది. అన్నీ టైము చూపిస్తాయి, అడుగులు లెక్కపెడతాయి, గుండె వేగం చెబుతాయి. ధరలో అరవై రెట్ల తేడా ఉన్నప్పుడు లోపల ఎంత తేడా ఉంది? కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టేవాళ్ళకు దీనికి సూటి జవాబు కావాలి. ఆ జవాబు కోసం వాచీని ఒక్కొక్క భాగంగా విప్పి చూడాలి.

ముందు టైము సంగతి చూద్దాం, అది త్వరగా తేలిపోతుంది. బోగోలు మండలంలోని బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్ ఉన్న రైల్వే ఊరు. ఆ రోజుల్లో గార్డుకూ డ్రైవరుకూ వాచీ ఒక పనిముట్టు. సరిగ్గా నడిచే వాచీకి నిజంగానే విలువ ఉండేది, ఎందుకంటే అలా నడిపించడం కష్టం. 1969 డిసెంబరు 25న జపాన్ కంపెనీ సీకో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ ఆస్ట్రాన్‌ను అమ్మకానికి పెట్టింది. బంగారపు ఒంటితో దాని ధర 4,50,000 యెన్లు, అంటే అప్పట్లో అక్కడ ఒక టొయోటా కరోలా కారు ఖరీదు. నేడు గోడ గడియారంలో ఉన్నది కూడా అలాంటి క్వార్ట్జ్ ముక్కే. సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ అది లెక్క చెబుతుంది. ఇక ఫోనుకు కలిసిన స్మార్ట్‌వాచీ తన తప్పును తానే దిద్దుకుంటుంది. టైము కోసమైతే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కరలేదు.

అసలు విషయం వాచీ వెనక వైపు ఉంది. చీకట్లో తిప్పి చూస్తే పచ్చగా మిణుకుమంటుందే, ఆ లైటు. రక్తం మనకు ఎర్రగా కనిపిస్తుందంటే అది పచ్చ కాంతిని మింగేస్తున్నదన్నమాట. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు చర్మం కింది సన్నని నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, పచ్చ కాంతి ఎక్కువగా ఇంకిపోతుంది, తిరిగి వచ్చే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఎల్‌ఈడీ పక్కనున్న ఫోటోడయోడ్ ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1937లోనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ చర్మం మీద పడ్డ కాంతితో రక్తపు హెచ్చుతగ్గులను గుర్తించాడు. దీన్నే ఫోటోప్లెథిస్మోగ్రఫీ అంటారు. పదిహేను వందల వాచీలోనూ లక్ష వాచీలోనూ ఉన్నది ఇదే భౌతికశాస్త్రం. ఆ ఎల్‌ఈడీ, ఆ డయోడ్ ఖరీదైన వస్తువులు కావు.

మరి తేడా ఎక్కడ? తిరిగి వచ్చే వెలుగులో గుండె వల్ల మారేది నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. మిగతాదంతా చర్మం, ఎముక, కొవ్వు నుంచి వచ్చే మారని వెలుగు. చెయ్యి ఊపితే, వాచీ జారితే, ఎండ లోపలికి పడితే ఆ చిన్న మార్పు కాస్తా మునిగిపోతుంది. దాన్ని వెలికి తీయాలంటే కదలికను కొలిచే యాక్సిలరోమీటరు లెక్కను కాంతి లెక్కలోంచి తీసేయాలి. ఆ పని చేసే ప్రోగ్రాముకు వేలమంది చేతుల మీద కొలిచిన సమాచారం కావాలి. మంచి కంపెనీ వాచీకి ఎక్కువ పెట్టే డబ్బులో న్యాయమైన వాటా దీనిదే. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడు రకాల పరికరాలను 60 మంది చేతులకు కట్టి నడిపించి, పరుగెత్తించి, సైకిలు తొక్కించి చూశారు. గుండె వేగంలో ఆరు పరికరాల పొరపాటు 5 శాతం లోపే ఉంది. కాలరీల లెక్కలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా 27 శాతం తప్పింది, చివరిది 93 శాతం తప్పింది. వాచీ చూపించిన కాలరీలను నమ్మి రాత్రి ఇంకో ముద్ద తినేవాళ్ళు ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోవాలి.

2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 53 మంది మీద చేసిన పరిశీలన మనకు ఇంకా దగ్గరిది. నల్లని చర్మం మీద ఈ పచ్చ లైటు సరిగా పనిచేయదన్న అనుమానాన్ని వాళ్ళు పరీక్షించారు. గుండె వేగం విషయంలో చర్మపు రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరికరానికీ పరికరానికీ మధ్య, ఊరికే కూర్చున్నప్పటికీ కదులుతున్నప్పటికీ మధ్య మాత్రం తేడా బాగా కనిపించింది. కదిలేటప్పుడు తప్పు సగటున 30 శాతం పెరిగింది. ఆక్సిజన్ కొలత కథ వేరు. అదే ఏడాది అమెరికాలో వచ్చిన మరో అధ్యయనంలో ఆసుపత్రుల్లో వేలికి పెట్టే ఆక్సీమీటరు సైతం నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయిన సంగతిని తెల్లవాళ్ళకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు కనిపెట్టలేకపోయిందని తేలింది. వేలి పరికరానికే ఆ ఇబ్బంది ఉంటే మణికట్టు మీది అంకెను చూసి ధైర్యపడటం మంచిది కాదు. ఎండలో సముద్రం మీద గడిపే మనవాళ్ళకు ఇది వర్తిస్తుంది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే, దాని సిరా కాంతిని అడ్డుకుని సెన్సరు పూర్తిగా తడబడవచ్చు.

ఇక్కడే విలాసపు వాచీల లోపం ఒకటి బయటపడుతుంది. సెన్సరు బాగా చదవాలంటే వాచీ తేలిగ్గా ఉండాలి, చర్మానికి అతుక్కుని ఉండాలి. మెత్తని రబ్బరు పట్టీ ఈ పని హాయిగా చేస్తుంది. బరువైన స్టీలు ఒళ్ళు, గొలుసు లాంటి లోహపు పట్టీ చేతి మీద కొంచెం వదులుగా, దర్జాగా వేలాడతాయి. అడుగు వేసినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతాయి, సందుల్లోంచి ఎండ లోపలికి పోతుంది. అంటే గుండె వేగం కొలవడానికని కొన్న వాచీలో, ధర పెంచిన ఆ లోహమే కొలతను చెడగొట్టవచ్చు. ఖరీదైన గొలుసు పట్టీ కొనుక్కున్నవాళ్ళు నడకకు వెళ్ళేటప్పుడు దాన్ని తీసి రబ్బరు పట్టీ వేసుకుంటే అంకెలు మెరుగుపడతాయి.

నిద్ర స్కోరు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిద్రలోని దశలను డాక్టర్లు మెదడు తరంగాలు కొలిచి నిర్ణయిస్తారు. మణికట్టు మీది వాచీకి మెదడు అందదు. కదలకుండా ఉన్నారా, గుండె నెమ్మదించిందా అన్నది చూసి అది ఊహిస్తుంది. ఎప్పుడు పడుకున్నాం, ఎప్పుడు లేచాం అన్నంత వరకు ఆ ఊహ పనికొస్తుంది. వెనామీ రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకొనే రైతుకు తన నిద్ర చాలలేదని చెప్పడానికి ఏ ధర వాచీ అయినా సరిపోతుంది.

ఎక్కువ డబ్బుకు నిజంగా ఎక్కువ దక్కే చోటు ఒకటి ఉంది, అది ఈసీజీ. గుండె కండరం బిగుసుకునే ముందు దాని గుండా చిన్న విద్యుత్తు అల ప్రయాణిస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త విలెమ్ ఐంథోవెన్ 1900ల తొలి ఏళ్ళలో దాన్ని గీతగా పట్టుకున్నాడు, 1924లో నోబెల్ అందుకున్నాడు. ఆయన యంత్రం సుమారు 270 కిలోల బరువు. రోగి చేతులు ఉప్పునీళ్ళ కుండల్లో పెట్టి కూర్చోవలసి వచ్చేది. నేటి ఈసీజీ వాచీ అడుగున ఒక లోహపు బిళ్ళ ఎడమ చేతిని తాకుతుంది, పక్కనున్న మీట మీద కుడిచేతి వేలు పెడితే రెండు చేతుల మధ్య వలయం పూర్తవుతుంది. ఐంథోవెన్ ‘లీడ్ 1’ అన్నది ఇదే. పచ్చ లైటు నాడిని మాత్రమే చూస్తుంది. ఇది గుండె విద్యుత్తునే చదువుతుంది కాబట్టి లయ తప్పిందా లేదా అన్నది ఇంకా నమ్మకంగా తెలుస్తుంది. యాపిల్ వాచీలో ఇది 2018లో వచ్చింది, మన దేశంలో 2019 నుంచి పనిచేస్తోంది.

ఈ కొలత ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కోసం. గుండె పై గదులు క్రమం లేకుండా అదిరే జబ్బు అది. గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు. చాలామందికి ఏ బాధా తెలియకుండానే వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. అలాంటి దాన్ని పట్టుకోవడానికి ఎప్పుడూ ఒంటి మీదుండే పరికరం తగినదే. స్టాన్‌ఫర్డ్ వైద్యులు యాపిల్ డబ్బుతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొన్నారు. పచ్చ లైటు నాడిని చూసి లయ తప్పిందని హెచ్చరించింది 2,161 మందిని, అంటే నూటికి అర మంది. వాళ్ళలో ఈసీజీ ప్యాచ్ వారం దాకా పెట్టుకుని తిప్పి పంపిన 450 మందిలో 34 శాతానికి ఆ జబ్బు కనిపించింది. మిగతా 66 శాతానికి హెచ్చరిక తప్పని అనుకోకూడదు, ప్యాచ్ పెట్టుకున్న వారంలో జబ్బు వచ్చి ఉండకపోవచ్చు.

ఈ అంకెలను వయసుతో కలిపి చదివితేనే ఉపయోగం. 65 ఏళ్ళు దాటినవాళ్ళలో హెచ్చరిక అందుకున్నది నూటికి ముగ్గురు. 40 ఏళ్ళ లోపువాళ్ళలో వెయ్యికి ఇద్దరు కూడా లేరు. పెళ్ళికొడుకు చేతికి ఈసీజీ వాచీ కట్టి, పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ళ తాత చేతిని ఖాళీగా వదిలేస్తే డబ్బు తప్పు చేతికి చేరిందనే నా అభిప్రాయం. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వాచీ ఈసీజీ గుండెపోటును గుర్తించలేదు. ఆసుపత్రిలో పన్నెండు కోణాల నుంచి చూసేదాన్ని ఇది ఒక్క కోణం నుంచి చూస్తుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉన్నప్పుడు వాచీలో అంతా బాగున్నట్టు కనబడినా ఇంట్లో కూర్చోకూడదు, 108కి ఫోను చేయాలి.

చక్కెర కొలిచే వాచీ అంటూ ఆన్‌లైన్లో వెయ్యి రెండు వేలకు అమ్మేవాటి సంగతి ఇంకా దారుణం. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తాను చక్కెర కొలిచే వాచీని గానీ ఉంగరాన్ని గానీ తాము ఏ ఒక్కదాన్నీ ఆమోదించలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ చవక వాచీ తక్కువ పని చేయడంతో ఆగలేదు, అబద్ధం చెబుతోంది. ఇలాంటి వాచీ ఇంట్లో ఉంటే చక్కెర చూపించే ఆ తెర వైపు పెద్దవాళ్ళను చూడనీయవద్దు.

ఇక వాచీ ఒళ్ళు. ఈ విషయంలో బోగోలు తీరం మంచి పరీక్షాస్థలం. జువ్వలదిన్నె దగ్గర ఇసుకలో నడిచి వచ్చి చేతిని చొక్కాతో తుడుచుకుంటే వాచీ అద్దం మీద గీతలు పడతాయి. కారణం ఖనిజాల గట్టిదనం. మోస్ కొలమానంలో మామూలు గాజు గట్టిదనం అయిదున్నర దగ్గర ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 7. తూర్పు తీరపు ఇసుకలో దొరికే గార్నెట్ అంతకన్నా కాస్త ఎక్కువ. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది కాబట్టి మన సముద్రపు ఇసుక మన వాచీ అద్దాన్ని గీస్తుంది. గూడూరు వైపు చిల్లకూరు, కోట ప్రాంతాల నుంచి గాజు ఫ్యాక్టరీలకు వెళ్ళే సిలికా ఇసుక కూడా ఈ క్వార్ట్జే. దాన్ని కరిగించి గాజు చేస్తే స్ఫటిక నిర్మాణం పోయి మెత్తబడుతుంది. ఖరీదైన వాచీల్లో వేసే సఫైర్ గట్టిదనం 9. అల్యూమినియం ఆక్సైడును కొలిమిలో స్ఫటికంగా పెంచి, వజ్రపు పళ్ళెంతో కోసి దాన్ని తయారుచేస్తారు. ఇసుక దాన్ని ఏమీ చేయలేదు. గట్టిగా ఉన్న కొద్దీ పెళుసు కూడా కాబట్టి సిమెంటు నేల మీద పడితే మాత్రం పగలవచ్చు. అయినా తీరం వెంట ఉండేవాళ్ళకు సఫైర్ మీద పెట్టే అదనపు సొమ్ము దండగ కాదు.

టైటానియం సంగతీ అంతే. గాలి తగలగానే దాని మీద పల్చని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడితే ఆ చోట పొర మళ్ళీ తనే పుడుతుంది, ఉప్పునీటిలోని క్లోరైడు దాన్ని కదిలించలేదు. స్టీలుకు కూడా ఇలాంటి పొరే రక్ష. చవకరకం స్టీలులో క్లోరైడు దాన్ని అక్కడక్కడా తొలిచి గుంటలు చేస్తుంది, మంచి వాచీలకు వాడే 316ఎల్ రకం చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి టైటానియం అవసరం కన్నా సుఖం కోసం, దాని బరువు స్టీలులో సగం పైచిలుకే. నీళ్ళ విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ‘50 మీటర్లు’ అని రాసి ఉంటే యాభై మీటర్ల లోతుకు వెళ్ళవచ్చని కాదు. కదలని నీటిలో ఆ లోతుకు సమానమైన ఒత్తిడి పెట్టి కొత్త వాచీని పరీక్షించారని అర్థం. రబ్బరు సీళ్ళు ఉప్పు, సబ్బు, వేడి వల్ల క్రమంగా గట్టిపడి చీలుతాయి. ఎంత ఖరీదు వాచీ అయినా సముద్రంలోంచి వచ్చాక మంచినీళ్ళతో కడగాలి.

సముద్రం మీద దారి చూపే పనికి వచ్చేసరికి ఖరీదైన వాచీల ప్రకటనలు ఇంకా పెద్ద గొంతుతో మాట్లాడతాయి. రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్ అన్నది వాటి గొప్ప. ఉపగ్రహం పంపే టైము వాచీకి చేరడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి స్థానం లెక్కగడతారు. సెకనులో వందకోట్ల వంతు తప్పినా 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది. అందుకే ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు ఉంటాయి. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్‌లో, మన దేశంలో తయారైన రుబీడియం గడియారంతో మొదటి ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 బోగోలుకు దక్షిణాన నూట ఇరవై కిలోమీటర్ల దూరంలోని శ్రీహరికోట నుంచే 2023 మే 29న ఎగిరింది. ఉపగ్రహపు అల భూమికి వచ్చేలోపు అయనోస్ఫియరు అనే పై పొరలో కొంచెం నెమ్మదిస్తుంది. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది కాబట్టి మన ఆకాశంలో ఆ పొర మరీ అల్లరిది. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనాశాల పెద్ద రాడారుతో అధ్యయనం చేసే విషయాల్లో అదొకటి. రెండు ఫ్రీక్వెన్సీలు వేర్వేరుగా ఆలస్యమవుతాయి, ఆ తేడాను బట్టి తప్పును తీసేయవచ్చు. ఎత్తయిన భవనాల గోడలకు తగిలి వచ్చే దొంగ సంకేతాలను వేరుచేయడంలోనూ రెండో ఫ్రీక్వెన్సీ సాయపడుతుంది. హైదరాబాదు గచ్చిబౌలిలో పరుగెత్తేవాళ్ళకు ఇది లాభం. ఎటు చూసినా ఖాళీ ఆకాశం ఉన్న బోగోలు తీరంలో, పొద్దున నడక దూరం కొలుచుకోవడానికి మామూలు జీపీఎస్ సరిపోతుంది.

వేటకు వెళ్ళే మత్స్యకారుడికి ప్రాణరక్షణ మణికట్టు మీది నుంచి రాదు. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటాక మొబైల్ సిగ్నల్ అందదు, సిమ్ ఉన్న వాచీ మూగబోతుంది. ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం విదేశీ ప్రకటనల్లో కనిపించినా, మన దేశంలో ఉపగ్రహ ఫోనుల వంటివి అనుమతి లేకుండా వాడితే కేసవుతుంది. దాన్ని లెక్కలో వేసుకుని వాచీ కొనకూడదు. అక్కడ పనికొచ్చేది పడవకు బిగించే ట్రాన్స్‌పాండరు. ఇస్రో రూపొందించిన వీటిని లక్ష పడవలకు ఉచితంగా అమర్చే కేంద్ర పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది, ఖర్చు సుమారు 360 కోట్లు. సిగ్నల్ లేని చోటి నుంచి కూడా దీనితో ఒడ్డుకు సందేశం పంపవచ్చు, ఒడ్డు నుంచి తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉచితంగా చెబుతుంది. తొంభై వేల వాచీ చేయలేని పనులివి. జువ్వలదిన్నె హార్బరు నుంచి కదిలే ప్రతి బోటులో ఈ ట్రాన్స్‌పాండరు ఉండాలని, ఉన్నది పనిచేస్తూ ఉండాలని కోరుకుంటాను.

ఇంతవరకు చెప్పిన సెన్సర్లు, సఫైర్, టైటానియం అన్నీ కలిపినా నేటి భారత మార్కెట్లో తొంభై వేల దగ్గర ఆగిపోతాయి. ఈసీజీ మటుకు కావాలంటే అంతకన్నా చాలా తక్కువకే దొరుకుతుంది. తొంభై వేల పైన పెట్టేదంతా పేరుకు, తోలుకు, లోహానికి. 2015 ఏప్రిల్‌లో యాపిల్ తన మొదటి వాచీతో పాటు 18 క్యారెట్ల బంగారు రకాన్ని కూడా అమ్మింది. ధర 10,000 నుంచి 17,000 డాలర్లు. 349 డాలర్ల అల్యూమినియం వాచీలో ఉన్న చిప్పే అందులోనూ ఉంది, సెన్సరూ అదే. ఏడాదిన్నరకు బంగారు రకం ఆపేశారు. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఆ మొదటి తరం వాచీలకు అందలేదు. 2023లో కంపెనీ వాటిని పాతబడిన వాటి జాబితాలో చేర్చింది, అంటే బ్యాటరీ మార్చడం కూడా ఇక తన పని కాదని. పదిహేడు వేల డాలర్లు పెట్టిన వస్తువులో విలువ నిలిచింది కరిగిస్తే వచ్చే బంగారానిది మాత్రమే. గుమ్మం టేకుతో చేయించి పైన తాటాకు కప్పినట్టు, నూరేళ్ళ ఒంటిలో నాలుగేళ్ళ ప్రాణం పెట్టారు.

స్విస్ కంపెనీ ట్యాగ్ హ్యూయర్ ఈ సంగతి ముందే గ్రహించిందని చెప్పాలి. 2015 నవంబరులో 1,500 డాలర్లకు స్మార్ట్‌వాచీ తెస్తూనే, రెండేళ్ళ తర్వాత దాన్ని తెచ్చి ఇంకో 1,500 కడితే ముళ్ళ మెకానికల్ వాచీ ఇస్తామని మాట ఇచ్చింది. ఎలక్ట్రానిక్స్ ముసలిదవుతుందని వాచీలు చేసేవాళ్ళకు పాత అనుభవం. 1972లో హ్యామిల్టన్ కంపెనీ అంకెలు వెలిగే మొదటి డిజిటల్ వాచీ పల్సర్‌ను బంగారపు ఒంటితో 2,100 డాలర్లకు అమ్మింది. అయిదేళ్ళు తిరక్కుండానే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్లాస్టిక్ డిజిటల్ వాచీని పది డాలర్లకు దించింది.

ముసలితనం ఎక్కువగా బ్యాటరీ నుంచి మొదలవుతుంది. లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడు నుంచి ఇంకోదానికి వెళ్ళి వచ్చినప్పుడల్లా కొన్ని మధ్యలో ఇరుక్కుపోయి తిరిగి రావు. వెయ్యిసార్లు పూర్తిగా చార్జింగ్ అయ్యాక 80 శాతం సామర్థ్యం మిగిలేలా చేశామని యాపిల్ చెబుతుంది. రోజుకు ఒకసారి చార్జింగ్ పెట్టే వాచీకి అది మూడేళ్ళ లోపే. వేడి ఈ నష్టాన్ని తొందరపెడుతుంది. మామూలు రకం యాపిల్ వాచీకి 35 డిగ్రీల దాకా అనువని కంపెనీ రాస్తే, రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా 40 దాటుతుంది. ఎండాకాలం కారు డాష్‌బోర్డు మీద, కిటికీ పక్కన వాచీని చార్జింగ్ పెట్టకుండా ఉంటే దాని ఆయుష్షు పెరుగుతుంది. కావలి బజారులో కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునే వాచీ రిపేరు మనిషి నలభై ఏళ్ళ హెచ్‌ఎంటీని విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి నడిపిస్తాడు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో నిర్ణయించినా వాటి సేవ ఆగలేదు. జిగురుతో అతికించి మూసిన స్మార్ట్‌వాచీ ఆయన చేతికి లొంగదు. తరతరాలుగా దాచుకునే వస్తువు కావాలన్న పెద్దల కోరిక నిజమైనదే. దానికి మెకానికల్ వాచీయో, తమిళనాడు సరిహద్దులో మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండే హోసూరులో తయారయ్యే టైటనో తగినవి.

చివరగా, అమెరికా నుంచి పిల్లలు అమ్మానాన్నల కోసం తెచ్చే వాచీల మాట. ఇక్కడ ప్రేమ ఉంది, అది వృథా కాకూడదు. యాపిల్ వాచీ పెట్టుకోవాలంటే ఐఫోను తప్పనిసరి, నాన్న చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ అయితే అది చాలావరకు పెట్టెలోనే ఉండిపోతుంది. అమెరికాలో కొన్న సెల్యులార్ రకం ఇక్కడి నెట్‌వర్క్ బ్యాండ్లకు కలవకపోవచ్చు, మన దేశంలో అమ్మే రకమే కొనడం మేలు. పడిపోతే కనిపెట్టి 112కు తనంతట ఫోను చేసే సదుపాయం, వయసు 55 దాటినట్టు నమోదు చేస్తేనే దానంతట అది ఆన్ అవుతుంది. పుట్టిన తేదీ సరిగా ఎక్కించాలి. బీపీ కోసమైతే వాచీ బదులు రెండు మూడు వేలకు వచ్చే మోచేతి పైన కట్టే మిషను తీసుకోవాలి. వాచీ ఎప్పుడైనా లయ తప్పిందని హెచ్చరిస్తే, అది తీసిన ఈసీజీ గీత ఫోనులో పీడీఎఫ్‌గా ఉంటుంది. దాన్ని ముందు డాక్టరుకు పంపి, కావలిలోనో నెల్లూరులోనో పన్నెండు లీడ్ల ఈసీజీ తీయించుకోవాలి.